నలభై నాలుగు గొప్పదా, నూట పన్నెండు గొప్పదా?

ఎండాకాలం వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం ఎండ గురించే. అందుకే ఈసారి జవాబులన్నీ నెల్లూరు జిల్లాలో వాతావరణ పరిశీలకుడిగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చేత రాయించాం. ఇక ఆయన మాటల్లోనే.

ప్రశ్న: టీవీలో 44 డిగ్రీలు అనగానే మా తాతయ్య "ఇదీ ఒక ఎండేనా? మా రోజుల్లో 112 ఉండేది, ఆ ఎండలోనే పొలం పనులన్నీ చేశాం" అని తీసిపారేస్తాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. అప్పట్లో నిజంగా అంత ఎండలు కాసేవా?
— ఇంటర్ విద్యార్థి, టంగుటూరు

జవాబు: బాబూ, ఈ గొడవ ఇవాళ్టితో ఆపేయొచ్చు. తాతయ్య చెప్పేది ఫారెన్‌హీట్, టీవీ చెప్పేది సెల్సియస్. 112 ఫారెన్‌హీట్‌ని సెల్సియస్‌లోకి మారిస్తే 44.4 వస్తుంది. అంటే ఇద్దరూ చెబుతున్నది ఒకే ఎండ. తాతయ్యది 0.4 డిగ్రీ ఎక్కువే, ఆ మాత్రం పైచేయి పెద్దాయనకి వదిలేయండి.

నోటి లెక్క ఒకటి చెబుతాను, పరీక్షల్లోనూ పనికొస్తుంది. సెల్సియస్ అంకెను రెట్టింపు చేసి, వచ్చినదాంట్లో పదో వంతు తీసేసి, 32 కలపండి. 44కి రెట్టింపు 88, పదో వంతు 8.8 పోతే 79.2, దానికి 32 కలిపితే 111.2. కాలిక్యులేటర్‌తో చేసినా ఇంతే వస్తుంది. ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన లెక్క.

ఫారెన్‌హీట్ 1686లో డాన్‌జిగ్‌లో, అంటే ఇప్పటి పోలండ్‌లోని గ్దాన్‌స్క్‌లో పుట్టాడు. చేతిపని తెలిసిన మనిషి, కొలత పరికరాలు స్వయంగా తయారుచేసేవాడు. 1714లో పాదరసం థర్మామీటర్ చేశాడు, 1724లో తన స్కేలును ప్రకటించాడు. మంచు, నీళ్లు, నవాసారం కలిపితే వచ్చే చలిని సున్నా అన్నాడు. మన ఊళ్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడే నవాసారమే అది. మంచునీళ్లను 32 దగ్గర, ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంటి వేడిని 96 దగ్గర పెట్టాడు. ఆయన పోయాక నీళ్లు మరిగే చోటును 212గా ఖాయం చేసి స్కేలును సరిదిద్దేసరికి ఒంటి వేడి 98.6కి జరిగింది.

మన దేశం 1956 నాటి చట్టంతో మెట్రిక్ కొలతల్లోకి మారింది. కిలోలొచ్చాయి, లీటర్లొచ్చాయి, వాతావరణానికి సెల్సియస్ వచ్చింది. జ్వరం మాత్రం ఫారెన్‌హీట్‌లోనే ఉండిపోయింది. ఇప్పటికీ 102 జ్వరం అంటాం గానీ 38.9 అంటే ఎవరికీ ఎక్కదు. మీది టంగుటూరు కాబట్టి మీ తాతయ్య పొగాకు బ్యారన్లు, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదులు, చూసే ఉంటారు. ఆకు క్యూరింగ్ చివరి దశలో, ఈనె ఎండడానికి, బ్యారన్ లోపల వేడిని 160 ఫారెన్‌హీట్ దాకా తీసుకెళ్తారు. సెల్సియస్‌లో అది 71. ఆ లెక్కల్లో పెరిగిన మనిషికి 44 అంటే చలికాలంలా అనిపించడంలో వింతేముంది?

ప్రశ్న: రెండు స్కేళ్లూ ఎక్కడైనా కలుస్తాయా సార్?
— తొమ్మిదో తరగతి, గూడూరు

జవాబు: మైనస్ 40 దగ్గర. అక్కడ సెల్సియస్ అన్నా ఫారెన్‌హీట్ అన్నా ఒక్కటే. మన జిల్లాలో ఆ తీర్పు కోసం ఎదురుచూడొద్దు.

ప్రశ్న: నేను కావలిలో ఉంటాను, మా అన్నయ్య కనిగిరిలో. ఫోన్‌లో చూస్తే మాకు 38, వాళ్లకు 42. కానీ మాకు కింద "ఫీల్స్ లైక్" అని 50 దాటించి చూపిస్తుంది. ఉక్కపోతకు చచ్చిపోతున్నామంటే అన్నయ్య ఒప్పుకోడు, "38కే ఏడుస్తారా" అంటాడు. ఎవరిది ఎక్కువ బాధ?
— ఒక గృహిణి, కావలి

జవాబు: అమ్మా, నీడలో కూర్చున్నంతవరకు మీదే ఎక్కువ బాధ. మీ అన్నయ్యకు ఈ జవాబు చదివి వినిపించండి.

మన ఒంట్లో ఊరికే కూర్చున్నా సుమారు వంద వాట్ల వేడి పుడుతూనే ఉంటుంది, ఒక పాతకాలపు బల్బు వెలిగినంత. ఆ వేడి ఎప్పటికప్పుడు బయటికి పోవాలి. చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటే చల్లగా ఉంటే వేడి దానంతటదే పోతుంది. గాలి 35 దాటిందంటే ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే. అది కూడా కారితే చాలదు, ఆవిరి కావాలి. నేలమీద బొట్లుబొట్లుగా రాలిపోయిన చెమట వల్ల మీకు పైసా ఉపయోగం లేదు. కావలికి సముద్రం దగ్గర. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కాబట్టి చెమట ఆరదు. కనిగిరి గాలి పొడిగా ఉంటుంది, అక్కడ చెమట పట్టినట్టే తెలియదు, అంత త్వరగా ఆరిపోతుంది.

అమెరికా వాతావరణ సంస్థ వాడే పట్టిక ప్రకారం 38 డిగ్రీల వేడిలో తేమ 40 శాతం ఉంటే ఒంటికి 43లా ఉంటుంది. అదే 38లో తేమ 60 శాతానికి చేరితే 54లా ఉంటుంది. మీ అన్నయ్య వాళ్ల 42లో తేమ 20 శాతమే ఉందనుకుంటే, ఒంటికి తెలిసేది ఆ 42కి అటూ ఇటూగానే. మన వాతావరణ శాఖ కూడా కోస్తాకు వేరే గీత గీసింది. మైదాన ప్రాంతంలో వడగాడ్పులు అని ప్రకటించాలంటే కనీసం 40 ఉండాలి, కోస్తాలో 37 చాలు. రెండుచోట్లా మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగి ఉండాలన్నది అదనపు షరతు.

నమ్మకపోతే కుండను అడగండి. మేం పని చేసేటప్పుడు రెండు థర్మామీటర్లు పక్కపక్కనే పెట్టేవాళ్లం. ఒకటి పొడిది, రెండోదాని బల్బుకు తడి మల్లు గుడ్డ చుట్టి ఉండేది. ఆ గుడ్డలో నీళ్లు ఆవిరయ్యేకొద్దీ రెండోది కిందికి దిగేది. 42 డిగ్రీలు, 20 శాతం తేమలో తడి బల్బు 24 దాకా దిగుతుంది. 38 డిగ్రీలు, 60 శాతం తేమలో 31 దగ్గరే ఆగిపోతుంది. మట్టికుండలో నీళ్లకూ ఇదే హద్దు. కనిగిరి కుండ నీళ్లు పళ్లు జివ్వుమనేలా ఉండటానికి, మీ కుండ నీళ్లు గోరువెచ్చగా ఉండటానికి కారణం ఇదే. కుండలు చేసినవాళ్ల తప్పేం లేదు.

ఒక్క విషయంలో మాత్రం అన్నయ్య పక్షాన నిలబడతాను. ఈ అంకెలన్నీ నీడలోవి. నేరుగా ఎండ తగిలితే ఒంటికి తెలిసే వేడి ఇంకో 8 డిగ్రీల దాకా పెరగొచ్చు. ఆయన పని ఎండలో అయితే, ఇంట్లో ఫ్యాను కింద ఉన్న మీరు పోటీ నుంచి తప్పుకోవాలి.

ప్రశ్న: మొన్న మధ్యాహ్నం పొదిలి రోడ్డులో మా కారు డిస్‌ప్లేలో 51 చూపించింది. ఫోటో కూడా తీశాను. దేశంలో రికార్డు మనదే కదా? ఎవరికి పంపాలి?
— కొత్త కారు యజమాని, దర్శి

జవాబు: ఎవరికీ పంపొద్దు. దేశ రికార్డు రాజస్థాన్‌లోని ఫలోదీది, 2016 మే 19న 51.0. దాన్ని కారులో కొలవలేదు.

కారులో ఆ సెన్సర్ సాధారణంగా ముందు బంపర్ దగ్గర ఉంటుంది. కింద కాలిన తారురోడ్డు, వెనక ఇంజను. ఆ రెంటి మధ్యా ఇరుక్కున్న సెన్సర్ చెప్పేది ఊరి వేడి కాదు. దాని పాట్లు అది చెప్పుకుంటోంది.

గాలి వేడిని కొలవడానికి ఒక పద్ధతి ఉంది, దాని గురించి రాయడమంటే నాకు చాలా ఇష్టం. సముద్రతీరాల్లో లైట్‌హౌస్‌లు కట్టే థామస్ స్టీవెన్‌సన్ అనే స్కాట్లాండ్ ఇంజనీరు ఒక చెక్కపెట్టె తయారుచేశాడు. నాలుగు పక్కలా ఏటవాలు చెక్కరెక్కలు, తెల్లటి పెయింటు. గాలి లోపలికీ బయటికీ ఆడుతుంది, ఎండ మాత్రం లోపలికి రాదు. నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున, గోడలకూ చెట్లకూ దూరంగా పెడతాం. తలుపు ఉత్తరం వైపే ఉండాలి, తీసినప్పుడు థర్మామీటర్ల మీద ఎండ పడకుండా. లోపల గరిష్ఠ ఉష్ణోగ్రత థర్మామీటర్ దాదాపు పడుకోబెట్టినట్టు ఉంటుంది. జ్వరం థర్మామీటర్‌లో ఉన్నట్టే దానికీ బల్బు దగ్గర సన్నని నొక్కు ఉంటుంది. పాదరసం పైకి ఎక్కుతుంది గానీ తనంతట తాను దిగదు. మధ్యాహ్నం ఏ క్షణంలో ఎంత ఎక్కిందో సాయంత్రం అయిదున్నరకు వెళ్లి చూసినా అక్కడే ఆగి ఉంటుంది. తలుపు తీయగానే ఊపిరి బిగపట్టి, కన్ను పాదరసం అంచుకు సరిగ్గా సమానంగా పెట్టి, ముందు దశాంశం చదివేవాళ్లం. మన ఊపిరి వేడికీ, ఒంటి వేడికీ రీడింగు మారుతుంది కాబట్టి దశాంశమే ముందు. పూర్ణాంకం ఎక్కడికీ పోదు.

ఈ జాగ్రత్తలు ఎందుకో ఒక కథ చెబుతాను. 1922 సెప్టెంబర్ 13న లిబియాలోని అల్ అజీజియాలో 58 డిగ్రీలు నమోదైందని తొంభై ఏళ్లపాటు ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో చదువుకుంది. ప్రపంచ వాతావరణ సంస్థ పాత రికార్డు పుస్తకం తెప్పించి పరిశీలిస్తే, ఆ రోజుల్లో రీడింగులు తీసింది అనుభవం లేని కొత్త మనిషని తేలింది. అతను వాడిన రకం థర్మామీటర్‌లో సూచిక ఒక కొన దగ్గర చదవాల్సింది ఇంకో కొన దగ్గర చదివి ఉంటాడు, అక్కడే 7 డిగ్రీలు ఎగిసింది. 2012లో, సరిగ్గా సెప్టెంబర్ 13నే, ఆ రికార్డు కొట్టేశారు. ఇప్పుడు ప్రపంచ రికార్డు అమెరికాలోని డెత్ వ్యాలీది, 1913 జులై 10న 56.7. దాని మీద కూడా కొందరు నిపుణులకు అనుమానాలున్నాయి. 2024 మే 29న ఢిల్లీలోని ముంగేష్‌పూర్‌లో 52.9 అని వార్త రాగానే దేశమంతా గగ్గోలు పెట్టింది. వాతావరణ శాఖ వెళ్లి చూస్తే సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది.

రికార్డు మన ఊరికి రావాలని కోరుకోవడం నాకు మింగుడుపడదు. 2015 మే నెలలో మన రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. మీరు కారు కొన్నందుకు సంతోషం. అందులో ఒక మంచినీళ్ల క్యాన్ పెట్టుకోండి, రోడ్డు పనుల దగ్గర ఆపి ఇవ్వండి.

ప్రశ్న: సెల్సియస్ మొదట పెట్టిన స్కేలు తలకిందులుగా ఉండేదని క్విజ్‌లో చెప్పారు. నిజమేనా?
— డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: నిజమేనమ్మా. ఆండర్స్ సెల్సియస్ స్వీడన్‌లోని ఉప్సాలాలో ఖగోళ శాస్త్రవేత్త. 1742లో ఆయన ప్రతిపాదించిన స్కేలులో నీళ్లు మరిగే చోటు 0, మంచు కరిగే చోటు 100. అప్పటికే డెలీల్ అనే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త థర్మామీటర్లు కూడా ఇలాగే కిందికి లెక్కపెట్టేవి, కాబట్టి ఆ రోజుల్లో అదేం విడ్డూరం కాదు. సెల్సియస్ 1744లోనే, నిండా 43 ఏళ్లు రాకముందే కన్నుమూశాడు. దాదాపు అదే కాలంలో ఫ్రాన్స్‌లోనూ స్వీడన్‌లోనూ స్కేలును నిలబెట్టి వాడటం మొదలుపెట్టారు. దానికి సెల్సియస్ పేరు అధికారికంగా ఖాయమైంది 1948లో.

ఆ పాత స్కేలే ఉండిపోయి ఉంటే మే నెలలో నెల్లూరు మధ్యాహ్నం 44కి బదులు 56 అయ్యేది. జనవరి తెల్లవారుజామున 20కి బదులు 80. ఎండ ముదిరేకొద్దీ అంకె తగ్గుతుంది. "నెల్లూరులో దారుణంగా పడిపోయిన ఉష్ణోగ్రత, జనం విలవిల" అని పేపర్లో చదివి మజ్జిగ తాగాల్సి వచ్చేది. సంక్రాంతికి మీ తాతయ్య "ఇవాళ వేడి 80 దాటింది, దుప్పటి ఇవ్వు" అనేవాడు. ఆ తలకిందుల్ని సరిచేసిన వాళ్లకు దండం పెట్టుకోవాలి.

ప్రశ్న: జనవరిలో మా దగ్గర పొద్దున్నే 20, మేలో 40. అంటే వేడి రెట్టింపు అయినట్టే కదా?
— వ్యాపారి, మార్కాపురం

జవాబు: కాదండీ. సెల్సియస్ సున్నా అంటే వేడి లేకపోవడం కాదు, మంచు కరిగే చోటు, అంతే. అసలైన సున్నా మైనస్ 273.15 దగ్గర ఉంది, కెల్విన్ స్కేలు అక్కడ మొదలవుతుంది. ఆ లెక్కలో 20 అంటే 293, 40 అంటే 313. పెరిగింది నూటికి ఏడు పాళ్లే. ఆ ఏడు పాళ్లకే మనుషులం ఇంత అల్లాడుతున్నాం, ఒంటికి ఉన్న వెసులుబాటు అంత తక్కువ.

ప్రశ్న: రోడ్డు మీద ఆమ్లెట్ వేస్తున్న వీడియోలు నిజమేనా? మా వాడు నాలుగు గుడ్లు పగలగొట్టాడు, ఒక్కటీ ఉడకలేదు.
— ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: గుడ్డు తెల్లసొన గడ్డకట్టడానికి 62 డిగ్రీల పైన కావాలి, పచ్చసొనకు ఇంకాస్త ఎక్కువ. మిట్టమధ్యాహ్నం తారురోడ్డు 60 దాటగలదు గానీ, గుడ్డు పడగానే ఆ చోటు చల్లబడుతుంది. పెనంలాగా తారు మళ్లీ గబగబా వేడి అందించలేదు. గుడ్డు ఉడకకపోయినా పిల్లల అరికాళ్లకు మాత్రం ప్రమాదమే. అంత వేడికి కొద్ది సెకన్లలోనే చర్మం బొబ్బలెక్కుతుంది. ఆ నాలుగు గుడ్లకయ్యే డబ్బు చెప్పుల మీద పెట్టండి.

ప్రశ్న: రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, సరే. మృగశిర వచ్చి, చేపల పులుసు తిన్నాక కూడా మా దగ్గర ఎండ తగ్గదెందుకు? కేరళలో వానలు, హైదరాబాద్‌లో వానలు, ఇక్కడ మాత్రం మంట.
— రైతు, ఆత్మకూరు

జవాబు: రైతన్నా, మీ బాధ నేను రీడింగుల పుస్తకంలో ఏటా రాసుకున్నదే. సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వచ్చేది ఏప్రిల్ నెలాఖరులో. నేల వేడెక్కి, ఆ వేడి పేరుకుని ముదిరేసరికి మే వస్తుంది, మే 25 ప్రాంతంలో రోహిణి ప్రవేశిస్తుంది. పెద్దవాళ్ల లెక్క బాగానే కుదిరింది.

జూన్‌లో నైరుతి గాలులు పడమటి కనుమల మీద వాన కురిపించేసి, తేమ పోగొట్టుకుని మనవైపు వస్తాయి. రాయలసీమ దాటి, వెలిగొండలు దిగి వచ్చేసరికి అవి పొడిగా, వేడిగా ఉంటాయి. గాలి కొండ దిగేటప్పుడు నొక్కుకుపోయి ఇంకా వేడెక్కుతుంది కూడా. పైగా ఆ పడమటి గాలి బలంగా ఉన్నరోజు సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వదు. మైపాడులో మధ్యాహ్నం రావాల్సిన చల్లగాలి సాయంత్రం దాకా రాదు, ఒక్కోరోజు అసలు రాదు. మన అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు, ఈశాన్య గాలులతో. కాబట్టి మృగశిర వచ్చిందని నారుమడికి తొందరపడకండి, సోమశిల నీటి కబురు చూసుకోండి. చేపల పులుసు మాత్రం మానొద్దు.

ప్రశ్న: మా ఆయన చీమకుర్తి దగ్గర క్వారీలో పనిచేస్తాడు. పోయినేడు మే నెలలో అక్కడే పడిపోయాడు, ఏదేదో మాట్లాడాడు. ఒంటి వేడి 104 ఉంది. జ్వరమనుకుని మాత్ర వేశాం, తగ్గలేదు. ఆస్పత్రిలో బతికించారు. ఆ రోజు ఎండ 40 అని పేపర్లో వేశారు, అంతకుముందు రోజులకంటే తక్కువే. మరి ఎందుకిలా అయింది? ఈ ఏడు పనికి పంపాలంటే భయంగా ఉంది.
— ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: తల్లీ, మీ ఆయన బతికి బయటపడ్డందుకు ముందు సంతోషం. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. 104 ఫారెన్‌హీట్ అంటే సరిగ్గా 40 సెల్సియస్. ఒంట్లో వేడి 40 దాటి, మనిషి తికమకగా మాట్లాడుతున్నాడంటే అది జ్వరం కాదు, వడదెబ్బ. పేపర్లో వేసిన 40 నేను పైన రాసిన తెల్లపెట్టె లోపలిది, నీడలోది. క్వారీలో పైనుంచి ఎండ, చుట్టూ కాలిన నల్లరాయి, బరువు పని. అక్కడ ఆయన అనుభవించిన వేడి ఏ పేపర్లోనూ రాలేదు.

జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచుకోమని చెబుతుంది. పారాసిటమాల్ ఆ ఆజ్ఞను వెనక్కి తీయిస్తుంది, జ్వరం దిగుతుంది. వడదెబ్బలో మెదడు అలాంటి ఆజ్ఞేమీ ఇవ్వలేదు, ఒళ్లే చల్లబడలేకపోయింది. అందుకే ఆ మాత్ర పనిచేయదు, పైగా లివర్‌కు హాని కావచ్చు. ఎవరైనా అలా పడిపోతే నీడలోకి లాగండి, బట్టలు వదులు చేయండి, ఒళ్లంతా నీళ్లు పోసి విసనకర్రతోనో గుడ్డతోనో గట్టిగా విసరండి. ఐస్ దొరికితే మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. 108కి ఫోన్ చేయండి, బండి వచ్చేదాకా నీళ్లు పోయడం మాత్రం ఆపొద్దు. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. కష్టం చేసేవాళ్లకు చెమట కారుతుండగానే దెబ్బ తగలొచ్చు.

పని సంగతి. ఒకసారి వడదెబ్బ తగిలిన ఒళ్లు ఆ తర్వాత కొంతకాలం వేడికి తొందరగా లొంగిపోవచ్చు. డాక్టరు సరేనన్నాకే పంపండి, పంపినా మొదటి రోజే పూర్తి షిఫ్ట్ వద్దు. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో తక్కువ గంటలతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచాలి. పదకొండు నుంచి నాలుగు దాకా బరువు పని లేకుండా, పని దగ్గరే నీడ, నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ ఉండేలా మేస్త్రీతో మాట్లాడమనండి. ఒంటరిగా అడగలేకపోతే తోటి పనివాళ్లంతా కలిసి అడగండి, అందరికీ కావాల్సిందే అది. ఒంటరిగా ఒక మూల పని చేయొద్దని మీ ఆయనకు చెప్పండి. మాట తడబడినా, తూలినా పక్కవాడు చూసి పట్టుకోగలగాలి.